జనం తగ్గిపోయిన సోషల్ మీడియా వేదికలు: ఉంచుకోవాలా, వదిలెయ్యాలా?

గూటిపక్షి (#1)

నమస్కారం అండీ. "జనం పల్చబడ్డారు, ఇక దాని పని అయిపోయింది" అనే మాట ప్రతి వేదిక గురించీ ఎప్పుడో ఒకప్పుడు వినబడుతుంది. ఆ మాట పడ్డాక కొన్ని పదిహేనేళ్ళు బతుకుతాయి, కొన్ని ఏడాది తిరక్కుండా తలుపులు మూసేస్తాయి. ఆర్కుట్ 2004 జనవరిలో మొదలై 2014 సెప్టెంబరు 30న మూతపడింది. గూగుల్ ప్లస్ 2011 జూన్‌లో వచ్చి, మామూలు జనానికి 2019 ఏప్రిల్ 2న ఆగిపోయింది. బ్లాగుల వేదిక లైవ్‌జర్నల్ 1999లో పుట్టింది, ఇంకా ఉంది. ఫొటోల వేదిక ఫ్లికర్ 2004 నుంచీ ఉంది.

ఇక్కడ తేల్చుకోవాల్సింది ఏది మంచిది, ఏది చెడ్డది అన్నది కాదు. ఒక వేదిక నిజంగా తగ్గుతోందని వాడేవాళ్ళకి ఎలా తెలుస్తుంది? తగ్గాక కూడా అది దేనికి పనికొస్తుంది? వదలాలనుకుంటే ఏం తీసుకుని, ఏ వరసలో బయటపడాలి? పద్ధతులు తెలిసినవాళ్ళు వివరంగా రాయండి.

---

లెక్కలరావు (#2)

మొదటి ప్రశ్నకి నా జవాబు: కంపెనీ చెప్పే అంకెలు చూసి నిర్ణయించుకోకండి.

2022 ఫిబ్రవరి 2న వచ్చిన త్రైమాసిక లెక్కల్లో ఫేస్‌బుక్ రోజువారీ వాడకం మొదటిసారి తగ్గింది. 193 కోట్ల నుంచి 192.9 కోట్లకు, అంటే అరశాతం కూడా కాదు. మర్నాడే షేరు విలువలో నాలుగో వంతుకు పైగా పోయింది. "ఫేస్‌బుక్ పతనం" అని అందరూ రాశారు. ఆ ఏడాది ఆఖరికల్లా అదే అంకె 200 కోట్లు దాటింది. ఇక 2024 నుంచి ఫేస్‌బుక్ ఒక్కదాని లెక్క విడిగా ఇవ్వడమే మానేసి, వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్ అన్నీ కలిపిన కుటుంబం లెక్క ఒకటే ఇస్తున్నారు. ట్విట్టర్ కూడా 2019లో నెలవారీ లెక్క ఆపేసి, ప్రకటనలు చూపించదగిన రోజువారీ ఖాతాలంటూ సొంత కొలబద్ద పెట్టుకుంది. కొలబద్ద మారిందంటే పాత కొలబద్ద వాళ్ళకి అనుకూలంగా లేదని మాత్రం అనుకోవచ్చు. అంతకుమించి అందులోంచి పిండడానికి ఏమీ లేదు.

గూగుల్ ప్లస్ ఇంకో రకం. ఖాతాల సంఖ్య కోట్లలో ఉండేది, ఎందుకంటే గూగుల్ ఖాతా ఉన్నవాళ్ళందరికీ దాన్ని అంటగట్టారు. మూసేస్తామని 2018 అక్టోబరులో చెప్పినప్పుడు మాత్రం గూగులే ఒప్పుకుంది: జనం వచ్చిపోయే సందర్భాల్లో 90 శాతం 5 సెకన్లు కూడా నిలవలేదని. ఖాతాల లెక్కకీ వాడకానికీ ఎంత దూరమో అక్కడ తెలుస్తుంది.

అందుకని మీ లెక్క మీరే వేసుకోండి. అరగంట పని. మీకు నిజంగా కావలసిన 50 మంది పేర్లు కాగితం మీద రాయండి. ఒక్కొక్కరి పేజీకి వెళ్ళి ఆఖరి పోస్టు తేదీ రాసుకోండి. 30 రోజుల లోపు రాసినవాళ్ళెందరు, ఏడాది దాటినవాళ్ళెందరు? తర్వాత మీ హోం ఫీడులో వరసగా 50 పోస్టులు చూస్తూ మూడు గీతలు వేసుకోండి: మీరు ఎంచుకున్నవాళ్ళవి, ప్రకటనలు, వేదిక తనంతట తాను తెచ్చి చూపించినవి. మీవాళ్ళు రాస్తూనే ఉన్నా ఫీడులో కనబడకపోతే ఆ లోపం అమరికది. తేదీల వరసక్రమం ఫీడుకో, లిస్టుకో మార్చుకుంటే సరిపోతుంది. మీవాళ్ళే రాయడం మానేస్తే దానికి సెట్టింగుల్లో మందు లేదు. ఈ రెండూ కలిపేసి "వేదిక చచ్చిపోయింది" అంటుంటారు చాలామంది.

---

చావడి (#3)

లెక్కలరావు గారి కాగితం పద్ధతి స్నేహితుల పలకరింపులకి బాగా పనికొస్తుంది. గ్రూపులకీ, విషయం చుట్టూ నడిచే చర్చలకీ అది తప్పు జవాబు ఇస్తుందని నా అభిప్రాయం.

ఒక మరమ్మతుల గ్రూపులో ఆఖరి పోస్టు ఎనిమిది నెలల క్రితంది అనుకోండి. రాసేవాళ్ళు లేరు, నిజమే. కానీ ఫలానా యంత్రంలో ఫలానా లోపం అని వెతికినవాడికి పదేళ్ళ కిందటి జవాబు అక్కడే దొరుకుతుంది. రాసేవాళ్ళ లెక్క సున్నా అయినా చదివేవాళ్ళ లెక్క సున్నా కాదు. దీన్ని చూసే పద్ధతి వేరు: బ్రౌజరులో ప్రైవేటు విండో తెరిచి, లాగిన్ కాకుండా, ఆ గ్రూపులో పేరున్న నాలుగైదు పాత చర్చల్లోంచి ఒక్కో వాక్యం తీసుకుని సెర్చిలో వెయ్యండి. జవాబు ఆ పేజీకే చేరుతుంటే ఆ గ్రూపు బతికున్నట్టే. లాగిన్ అడ్డం వస్తుంటే బయటి లోకానికి అది లేనట్టే, లోపల వెయ్యిమంది ఉన్నా సరే.

వేదికలు అన్నిచోట్లా ఒకేలా ఎండిపోవు. బ్లాగుల వేదిక టంబ్లర్‌ని యాహూ 2013లో 110 కోట్ల డాలర్లకి కొన్నది. 2018 డిసెంబరులో పెద్దలకు మాత్రమే అనదగ్గ సరుకును నిషేధించాక జనం బాగా తగ్గారు, 2019లో వర్డ్‌ప్రెస్ డాట్ కామ్ నడిపే ఆటొమాటిక్ కంపెనీ చేతికి వచ్చింది. అయినా కథల అభిమానులూ, బొమ్మలు వేసేవాళ్ళూ అక్కడినుంచి కదల్లేదు. వాళ్ళకి కావలసిన ట్యాగులూ, రీబ్లాగు గొలుసులూ (ఒకరి పోస్టుకి తమ మాట చేర్చి మళ్ళీ పంచుకోవడం) వేరేచోట ఆ రూపంలో లేవు. ఫ్లికర్‌లో పలకరింపులు పోయాయి గాని, 2008లో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌తో మొదలైన కామన్స్ విభాగంలో పాత ఫొటోలు వెతికేవాళ్ళకి అది ఇప్పటికీ మొదటి మజిలీ.

ఒక్కసారిగా కూలిందంటే సాధారణంగా వేదికే తన చేత్తో తాను ఏదో చేసి ఉంటుంది. జనం ఓట్లతో లింకులు పైకొచ్చే సైటు డిగ్ 2010 ఆగస్టులో నాలుగో రూపం తెచ్చింది. ఇష్టంలేని లింకును కిందకి తొక్కే బరీ మీట తీసేసింది, పత్రికలు తమ లింకులు తామే నేరుగా ఎక్కించుకునే వీలు ఇచ్చింది. ఓట్లు వేసే జనానికి విలువ లేకుండా పోయింది. వాళ్ళు డిగ్ ముఖపేజీని రెడిట్ లింకులతో నింపేసి రెడిట్‌కే వెళ్ళిపోయారు. డిగ్‌లో జనాన్ని పట్టి ఉంచిన పని ఆ ఓటు ఒక్కటే. అది పోగానే ఉండటానికి కారణం పోయింది.

---

పాతదస్త్రం (#4)

చావడి గారు చెప్పిన పదేళ్ళ కిందటి జవాబు రేపు కూడా అక్కడే ఉంటుందని ఎవరూ అనుకోవద్దు. సైటు తెరుచుకుంటోందంటే సరుకు భద్రంగా ఉందని అర్థం కాదు.

పాటలు ఎక్కించుకోవడానికి పేరుపడ్డ వేదిక మైస్పేస్ మూతపడలేదు. కానీ 2019లో ఒప్పుకున్నారు: సర్వర్లు మార్చేటప్పుడు 2015కీ అంతకుముందుకీ చెందిన పాటలు, ఫొటోలు, వీడియోలు పోయాయని. 5 కోట్లకు పైగా పాటలని అంచనా. ఇంటర్నెట్ ఆర్కైవ్‌కి చేరినవి సుమారు 4,90,000 మాత్రమే, అవి కూడా అంతకుముందెప్పుడో పరిశోధన కోసం ఎవరో దించుకున్నవి కాబట్టి మిగిలాయి. మైస్పేసే తన నకలు అనుకుని ఇంట్లో ఫైలు చెరిపేసుకున్న సంగీతకారులకి ఇక దారి లేదు.

ఫొటోలు దాచి, వేరే సైట్లలో చూపించే ఫొటోబకెట్ 2017లో ఇంకో పద్ధతిలో దెబ్బకొట్టింది. ఫొటోలు పోలేదు, కానీ బయటి సైట్లలో వాటిని చూపించాలంటే ఏడాదికి 399.99 డాలర్లు కట్టమంది. రాత్రికి రాత్రి వేల ఫోరాల్లో బొమ్మల స్థానంలో హెచ్చరిక బోర్డులు వచ్చాయి. "ఈ తీగను ఇక్కడ కలపండి" అని బాణం గుర్తుతో చూపించిన ఫొటో పోతే, కింద ఉన్న వాక్యం దేనికీ పనికిరాదు.

ఫ్లికర్ 2013 నుంచి ఒక టెరాబైటు ఉచితంగా ఇచ్చేది. 2018లో స్మగ్‌మగ్ అనే ఫొటోల కంపెనీ కొన్నాక ఉచిత ఖాతాకి 1,000 ఫొటోల పరిమితి పెట్టి, 2019 నుంచి మిగులు చెరిపేస్తామంది. మెయిలు ద్వారా చర్చలు నడిచే యాహూ గ్రూప్స్ విషయంలో 2019 అక్టోబరులో ప్రకటన వచ్చింది, రెండు నెలల్లో పాత సందేశాలు, ఫైళ్ళు తీసేయడం మొదలైంది. మెయిలు పంపకం మాత్రం ఇంకో ఏడాది, 2020 డిసెంబరు దాకా నడిచింది. మెయిళ్ళు వస్తున్నాయి కదా అని ధీమాగా ఉన్నవాళ్ళు అక్కడ మోసపోయారు.

అందుకని "ఇంకా నడుస్తోందా" అని కాదు చూడాల్సింది. యాజమాన్యం మారిందా, ఉచిత పరిమితి మారిందా, సర్వర్ల మార్పు ప్రకటించారా: ఈ మూడింట్లో ఏది జరిగినా ఆ వారమే నకలు తీసుకోవాలి.

---

తాళంచెవి (#5)

మాటలూ, దస్త్రాలూ సరే. వేదికకి మూడో వేషం ఒకటుంది, దాని గురించి ఎవరూ ఆలోచించరు: అది తాళంచెవి. "ఫేస్‌బుక్‌తో లాగిన్ అవ్వండి", "ట్విట్టర్‌తో లాగిన్ అవ్వండి" అని నొక్కి తెరిచిన ఖాతాలు ఎన్ని ఉన్నాయో చాలామందికి గుర్తుండదు. వేదిక మీద విసుగొచ్చి ఖాతా మూసేస్తారు, నెల తర్వాత ఇంకెక్కడో తలుపు తెరుచుకోదు. ఆ సైటుకి మీరెవరో తెలిసిందే ఆ ఖాతా ద్వారా.

ఖాతా ముట్టుకునేముందు చేయాల్సిన పని: ఫేస్‌బుక్ సెట్టింగుల్లో యాప్‌లు, వెబ్‌సైట్లు అనే విభాగం తెరవండి. ఎక్స్‌లో (ట్విట్టర్ కొత్త పేరు) కనెక్టెడ్ యాప్స్ అని ఉంటుంది. ఆ జాబితాలో ఒక్కో సైటుకీ వెళ్ళి, లాగినై ఉండగానే ఖాతా వివరాల్లో మెయిలు ఐడీ చేర్చి, పాస్‌వర్డ్ పెట్టుకోండి. లాగౌట్ అయి, మెయిలు, పాస్‌వర్డుతో మళ్ళీ లోపలికి వెళ్ళగలిగితేనే ఆ లంకె తెంచండి. కొన్ని సైట్లు పాస్‌వర్డ్ పెట్టుకునే చోటు చూపించవు. అప్పుడు "పాస్‌వర్డ్ మర్చిపోయాను" నొక్కి, మెయిలుకి లింకు తెప్పించుకోవడమే మార్గం. ఆ సైటులో మీ మెయిలు ఐడీ సరైనదై ఉండాలి, అది ముందు చూసుకోండి.

ఇంకొకటి ఇంతకంటే పెద్దది. వాడని ఖాతాకి కట్టిన పాత మెయిలు. యాహూ 2013లో ఏడాదిపాటు వాడని ఐడీలను తిరిగి వేరేవాళ్ళకి ఇవ్వడం మొదలుపెట్టింది. ఆ ఐడీ కొత్తగా తీసుకున్నవాడు మీ పాత ఖాతాకి పాస్‌వర్డ్ మార్పు లింకు తెప్పించుకోగలడు. గూగుల్ కూడా రెండేళ్ళు వాడని వ్యక్తిగత ఖాతాలను 2023 డిసెంబరు నుంచి తీసేస్తోంది. తిరిగి ఎవరికీ ఇవ్వదు గాని, మీ పాత వేదికల తాళాలన్నీ ఆ మెయిల్లోనే ఉంటే అవన్నీ దాంతోపాటే పోతాయి.

జనం పోయిన వేదికలో మర్చిపోయిన ఖాతా ఎంత ప్రమాదమో మైస్పేసే చూపించింది. 2016 మేలో బయటపడ్డ చోరీలో సుమారు 36 కోట్ల ఖాతాల వివరాలున్నాయి, అన్నీ 2013 జూన్‌కి ముందువి. అప్పటికి వాళ్ళలో ఎక్కువమంది అక్కడికి వెళ్ళడమే మానేశారు. కానీ అదే పాస్‌వర్డ్ మెయిలుకీ, ఇతర ఖాతాలకీ వాడుతూనే ఉన్నారు. దొంగకి కావలసింది ఆ రెండోదే. వదిలేసిన ఖాతాకైనా సరే, వేరే ఎక్కడా వాడని పొడుగాటి పాస్‌వర్డ్ పెట్టి మరీ వదలండి.

---

కొత్తచిగురు (#6)

డౌన్‌లోడ్ గురించి ఒక సందేహం అండీ. ఫేస్‌బుక్ నుంచి సమాచారం దించుకునేటప్పుడు హెచ్‌టీఎంఎల్ కావాలా, జేసన్ కావాలా అని అడుగుతుంది. ఏది తీసుకోవాలి? జేసన్‌లో తెలుగు అక్షరాలు చెదిరిపోతాయంటారు, నిజమేనా?

---

పాతదస్త్రం (#7)

రెండూ తీసుకోండి. అడిగింది ఒకటే అయినా రెండింటి పనీ వేరు. హెచ్‌టీఎంఎల్ బ్రౌజరులో తెరిచి చదువుకోవడానికి, తెలుగు సరిగ్గానే కనబడుతుంది. జేసన్ రేపు ఇంకోచోటికి ఎక్కించడానికి, వెతకడానికి, తేదీల ప్రకారం సర్దడానికి.

జేసన్‌లో తెలుగు చెదరడం నిజమే, కారణం ఇది. యూటీఎఫ్-8 అనే అక్షరాల కోడులో ఒక్కో తెలుగు అక్షరానికీ, గుణింతపు గుర్తుకీ మూడేసి బైట్లు పడతాయి. ఫేస్‌బుక్ ఎగుమతి ఆ మూడు బైట్లనీ ఒకే అక్షరంగా కాక, మూడు వేర్వేరు లాటిన్ అక్షరాలుగా రాసేస్తుంది. అందుకే తెరిచి చూస్తే ప్రతి అక్షరం చోటా నెత్తిన గీతతో ఉన్న చిన్న లాటిన్ ఏ, దాని పక్కన డిగ్రీ గుర్తో, ప్లస్ మైనస్ గుర్తో, ఆ తర్వాత ఇంకో పిచ్చి గుర్తు వరసగా కనబడతాయి. అలా కనబడితే కంగారు పడకండి. సమాచారం పోలేదు, తప్పు రూపంలో రాశారంతే. ఫైలును పైథాన్‌లో జేసన్‌గా చదివాక, ప్రతి వాక్యాన్నీ లాటిన్-1గా ఎన్‌కోడ్ చేసి, వచ్చిన బైట్లను యూటీఎఫ్-8గా డీకోడ్ చేస్తే తెలుగు యథాతథంగా వచ్చేస్తుంది. వరస ముఖ్యం: ముందు జేసన్‌గా చదవాలి, తర్వాతే మార్చాలి. ఫైలును నోట్‌ప్యాడులో తెరిచి ఎన్‌కోడింగ్ మార్చి సేవ్ చేస్తే ఏ ఫలితమూ ఉండదు, ఎందుకంటే ఆ గుర్తులు ఫైల్లో వెనక్కి వాలిన గీత, యూ అక్షరం, అంకెలతో రాసి ఉంటాయి. మూల ఫైలు మీద కాక నకలు మీద పని చేయండి.

ఇప్పుడు ఫొటోలు. అడిగేటప్పుడు మీడియా నాణ్యత అనే చోట హై ఎంచుకోండి, లేకపోతే కుదించినవి వస్తాయి. తేదీల పరిధి కూడా చూడండి, గత ఏడాదివే అన్నట్టుగా ముందే ఎంచి ఉండొచ్చు. మొత్తం కాలం అని మార్చాలి. ఫేస్‌బుక్ ఎక్కించేటప్పుడే ఫొటోలోని ఎగ్జిఫ్ వివరాలు, అంటే తీసిన తేదీ, కెమెరా, చోటు తీసేస్తుంది. కాబట్టి దించుకున్న ఫొటోలను ఫోను గ్యాలరీలో వేస్తే పదిహేనేళ్ళ ఫొటోలన్నీ ఇవాళ్టి తేదీతో కుప్పపడతాయి. అసలు తేదీ పక్కనున్న జేసన్‌లో ఉంటుంది, 1970 జనవరి 1 నుంచి గడిచిన సెకన్ల లెక్కలో. అది చాలాసార్లు ఎక్కించిన తేదీయే, తీసిన తేదీ కాదు. అయినా ఏమీ లేకపోవడం కంటే నయం. ఎగ్జిఫ్‌టూల్ అనే ప్రోగ్రాముతో ఆ తేదీని ఫొటోలోకి తిరిగి రాయొచ్చు.

ఎక్స్ దస్త్రం వేరే తీరు. అడిగాక రావడానికి ఒక రోజో, అంతకంటే ఎక్కువో పడుతుంది. లోపల డేటా అనే ఫోల్డరులో ట్వీట్స్ డాట్ జేఎస్ అని ఫైలుంటుంది. అది అసలు జేసన్ కాదు, మొదటి వరసలో ఒక వేరియబుల్ పేరు, సమాన గుర్తు ఉంటాయి. ఆ ముక్క తీసేస్తేనే జేసన్ చదివే పరికరాలు దాన్ని ఒప్పుకుంటాయి. ఇంకా ముఖ్యం: మీరు పెట్టిన ప్రతి లింకూ ట్వీటు వాక్యంలో టీ డాట్ కో అనే పొట్టి రూపంలో ఉంటుంది. ఆ పొట్టి చిరునామా పనిచేసేది వాళ్ళ సర్వరు ఉన్నంతకాలమే. అసలు చిరునామా అదే ఫైల్లో ఎంటిటీస్ కింద విడిగా రాసి ఉంటుంది. దస్త్రం భద్రపరిచేటప్పుడే పొట్టిదాని చోట ఆ అసలు చిరునామా పెట్టుకోండి.

దస్త్రంలో రానివి కూడా తెలుసుకోవాలి. మీ మాటలు వస్తాయి, మీకు ఎదుటివాళ్ళు ఇచ్చిన జవాబులు రావు. గ్రూపులో మీరు రాసినవి వస్తాయి, గ్రూపు రాదు. ఒక మంచి చర్చలో మీవి ఆరు వాక్యాలు, మిగతావాళ్ళవి అరవై ఉంటే, చేతికొచ్చేది ఆ ఆరే. చాలామంది ఇది ఖాతా చెరిపేశాక గమనిస్తారు.

చివరికి తనిఖీ. పెద్ద ఖాతాలైతే దస్త్రం అనేక జిప్ ముక్కలుగా వస్తుంది. లింకులకి గడువుంటుంది, గూగుల్ సమాచారం దించుకునే టేకౌట్‌కి సుమారు వారం, ఫేస్‌బుక్‌కి కొద్ది రోజులే. అన్ని ముక్కలూ దించి, అన్నీ విప్పి, మొదటి ఏడాదిదొకటి, మధ్యదొకటి, ఆఖరిదొకటి తెరిచి చూడండి. వీడియో ఒకటి పూర్తిగా ఆడించి చూడండి. రెండు వేర్వేరు డిస్కుల్లో పెట్టాకే తర్వాతి అడుగు వేయండి.

---

ప్రోటోకాల్ (#8)

ఈ బాధలన్నిటికీ మూలం ఒకటే: వేదికా, దాని వెనకున్న కంపెనీ ఒకటే కావడం. రెండూ వేరైన చోట పతనం ఇంత బాధ పెట్టదు.

ఐఆర్‌సీ అనే చాట్ పద్ధతి 1988 నాటిది, జనం ఏనాడో తగ్గారు. 2021 మేలో ఫ్రీనోడ్ అనే ఐఆర్‌సీ నెట్‌వర్కులో యాజమాన్యం గొడవ వచ్చినప్పుడు, దాన్ని నడిపే స్వచ్ఛంద సిబ్బంది బయటికొచ్చి లిబెరా చాట్ పెట్టారు. పెద్ద పెద్ద ఓపెన్ సోర్సు ప్రాజెక్టులు కొద్ది వారాల్లో అక్కడికి మారిపోయాయి. వాడేవాళ్ళు చేసిందల్లా అదే ప్రోగ్రాములో సర్వరు పేరు మార్చి, తమ ముద్దుపేరు మళ్ళీ నమోదు చేసుకోవడం. ప్రోటోకాల్, అంటే సర్వర్లు మాట్లాడుకునే నియమాలు, అందరిదీ కాబట్టి అది సాధ్యమైంది.

ఎవరి సర్వరు వాళ్ళు నడుపుకునే వేదిక మాస్టొడాన్‌లో కూడా ఖాతా ఒక సర్వరు నుంచి ఇంకోదానికి తరలించుకోవచ్చు. కొత్త ఖాతాలో పాతదాన్ని మారుపేరుగా చేర్చాలి, తర్వాత పాత ఖాతాలోకి వెళ్ళి తరలింపు ఆజ్ఞ ఇవ్వాలి. అనుచరులు వాళ్ళంతట వాళ్ళే కొత్తచోటికి మారతారు. మీరు అనుసరించేవాళ్ళు, అడ్డగించినవాళ్ళు, బుక్‌మార్కులు సీఎస్‌వీ అనే పట్టిక ఫైళ్ళుగా దించి ఎక్కించుకోవాలి. ఒకసారి తరలించాక మళ్ళీ తరలించడానికి 30 రోజులు ఆగాలి.

---

లెక్కలరావు (#9)

ప్రోటోకాల్ గారూ, అక్కడ ఒక మెలిక వదిలేశారు. మాస్టొడాన్ తరలింపులో పోస్టులు రావు, అనుచరులే వస్తారు. పైగా ఆ ఆజ్ఞ పాత సర్వరే పంపాలి. పాత సర్వరు చెప్పాపెట్టకుండా ఆగిపోతే తరలింపు అనేదే లేదు. సొంత జేబు డబ్బుతో ఒక్కరే నడిపే చిన్న సర్వర్లు పెద్ద కంపెనీ కంటే ముందే ఆగిపోవచ్చు. తలుపులు తెరిచి ఉన్నంతమాత్రాన ఇల్లు గట్టిదని చెప్పలేం.

---

ప్రోటోకాల్ (#10)

నిజమే, ఒప్పుకుంటాను. సర్వరు ఎంచుకునేటప్పుడే చూడాల్సింది అది: నడిపేవాళ్ళు ఒక్కరా, ఇద్దరు ముగ్గురా, ఖర్చుల లెక్క బయట పెడుతున్నారా, మూసేస్తే కనీసం మూడు నెలల ముందు చెబుతామని రాసిచ్చారా. మాస్టొడాన్ వాళ్ళ సర్వర్ల ఒడంబడికలో ఆ మూడు నెలల షరతు ఉంది. వాళ్ళ అధికారిక జాబితాలో చేరే సర్వర్లన్నీ దానికి కట్టుబడాలి. అయినా అనుసరించేవాళ్ళ సీఎస్‌వీ నెలకోసారి దించుకోవడం మంచి అలవాటు, చిన్న ఫైలు, నిమిషం పని.

జనం తగ్గిన వేదికని పూర్తిగా వదలకుండా, రోజూ వెళ్ళకుండా చూసే మార్గం ఆరెస్సెస్ (rss), అంటే కొత్త పోస్టులను ఒక ఫీడు రీడరులోకి తెచ్చిపెట్టే పద్ధతి. టంబ్లర్ చిరునామా చివర, రెడిట్ గ్రూపు చిరునామా చివర, మాస్టొడాన్ పేజీ చివర ఆరెస్సెస్ అని చేరిస్తే ఫీడు వస్తుంది. టంబ్లర్‌కి వాలుగీత (/) పెట్టి, మిగతా రెండింటికీ చుక్క పెట్టి చేర్చాలి. పదిచోట్ల మిగిలిన ఐదారుగురు మంచి రచయితలు ఒకేచోట వరసగా కనబడతారు. లెక్కలరావు గారి 50 పేర్ల కాగితంలో ఇంకా రాస్తున్నవాళ్ళు ఎనిమిది మందే ఉంటే, ఆ ఎనిమిది మంది కోసం వేదిక యాప్ ఉంచుకోనక్కర్లేదు.

---

చావడి (#11)

గ్రూపు నడిపేవాళ్ళ కోసం తరలింపు గురించి రాస్తాను, ఎక్కువ నష్టం అక్కడే జరుగుతుంది కాబట్టి.

మొదటి తప్పు, "అందరం ఫలానా చోటికి పోదాం, మీ అభిప్రాయం చెప్పండి" అని ఓటింగు పెట్టడం. నాలుగు పేర్లు వస్తాయి, నాలుగు చోట్ల నాలుగు గ్రూపులు మొదలవుతాయి, ఏదీ నిలబడదు. గ్రూపులో ప్రశ్నలు అడిగేవాళ్ళు వందలు, జవాబులిచ్చేవాళ్ళు పది పదిహేను మంది. ఆ పదిహేను మందితో విడిగా మాట్లాడి, ఒకచోటు ఖాయం చేసుకుని, వాళ్ళు అక్కడ కనీసం రెండు వారాలు నిజమైన చర్చలు నడిపాకే మిగతావాళ్ళకి చెప్పాలి. ఖాళీ ఇంటికి పిలిస్తే ఎవరూ ఉండరు.

రెండో తప్పు, రెండు చోట్లా రాతలు తెరిచి ఉంచడం. కొత్తచోట అడిగిన ప్రశ్నకి పాతచోట జవాబు వస్తుంది. పాతదాన్ని చెరపొద్దు, తాళం కూడా వేయొద్దు. చదవడానికే అని మార్చి, పైన ఒక పోస్టు అతికించి, కొత్త చిరునామా అందులో రాయాలి. ఫేస్‌బుక్ గ్రూపుకైతే నిలుపుదల అనే సదుపాయం ఉంది, పాత పోస్టులు కనబడతాయి, కొత్తవి పడవు. నాలుగు నుంచి ఆరు వారాలు వారానికోసారి కొత్తచోట జరిగిన మంచి చర్చల లింకులు పాతచోట వేసి, ఆ తర్వాత నిలుపుదల చేయడం మేలు.

మూడోది తప్పు కాదు, జాగ్రత్త. పాత వేదిక మీ బోర్డును తీసేయగలదు. ఫ్రీనోడ్ గొడవలోనే, ఛానల్ శీర్షికలో లిబెరా పేరు రాసిన వందల ఛానళ్ళను యాజమాన్యం తన చేతిలోకి తీసుకుంది. 2022 డిసెంబరులో ట్విట్టర్ ఒకసారి మాస్టొడాన్, ఇన్‌స్టాగ్రామ్ వంటి చోట్లకి దారి చూపే లింకులనే నిషేధించింది. విమర్శలు వచ్చాక వెనక్కి తీసుకుంది గాని, ఆ రోజు ప్రకటించబోయినవాళ్ళ పని ఆగిపోయింది. కాబట్టి తరలింపు మాట ఎత్తకముందే, ఇష్టపడ్డ సభ్యుల మెయిలు ఐడీలు ఒక జాబితాగా సేకరించి పెట్టుకోండి. చేతులు కాలాక ఆకులు దొరకవు.

పాత చర్చలు మొత్తం మోసుకెళ్ళే వీలు వేదికని బట్టి ఉంటుంది. పీహెచ్‌పీబీబీ, వీబులెటిన్ వంటి ఫోరం ప్రోగ్రాముల నుంచి డిస్కోర్స్ అనే కొత్త తరహా ఫోరానికి తెచ్చే స్క్రిప్టులు ఉన్నాయి, సభ్యుల పేర్లు, తేదీలతో సహా వస్తాయి. ఫేస్‌బుక్ గ్రూపులకి మాత్రం 2024 ఏప్రిల్‌లో ఏపీఐ (బయటి ప్రోగ్రాములు సమాచారం తీసుకునే దారి) మూసేశారు కాబట్టి అప్పటిదాకా పనిచేసిన పరికరాలు ఆగిపోయాయి. రహస్య గ్రూపైతే, సభ్యులు నలుగురిలో చెప్పిన మాటని బయట పెట్టే హక్కు నిర్వాహకుడికి లేదు. అడిగి, ఒప్పుకున్నవాళ్ళవే తీసుకోవాలి.

---

తాళంచెవి (#12)

ఖాతా చెరిపేయడం గురించి ఒక మాట. భద్రత కోణంలో చూస్తే వాడనిది చెరిపేయడమే సరి. ఫేస్‌బుక్‌లో చెరపమన్నాక 30 రోజులు వెనక్కి రావడానికి గడువుంటుంది, సర్వర్ల నుంచి పూర్తిగా పోవడానికి 90 రోజుల దాకా పట్టొచ్చు. ఎక్స్‌లో కూడా 30 రోజులు. ఆ మధ్యలో పాత ఫోనులో యాప్ తెరిచినా, లాగినైనా చెరపడం రద్దయ్యే అవకాశం ఉంటుంది. అందుకని ముందు అన్ని పరికరాల్లోనూ లాగౌట్ అవ్వండి, యాప్ తీసేయండి.

---

చావడి (#13)

అందరికీ ఆ సలహా ఇవ్వొద్దండీ. 2023 జూన్‌లో రెడిట్ ఏపీఐ ధరల మీద నిరసనగా చాలామంది తమ పాత జవాబులు చెరిపేశారు, లేదా వాటిమీద వేరే వాక్యం రాసేశారు. కంపెనీకి దానివల్ల పెద్దగా ఏమీ కాలేదు. ఆ జవాబు కోసం సెర్చి నుంచి వచ్చినవాడికి మాత్రం ప్రశ్న మిగిలింది, "సరిగ్గా పనిచేసింది, ధన్యవాదాలు" అనే కింది మాట మిగిలింది, మధ్యలో జవాబు లేదు. సొంత ముచ్చట్లు చెరుపుకోండి. నలుగురికి పనికొచ్చే జవాబులు చెరిపేముందు కనీసం ఒక నకలు బయట ఎక్కడైనా నిలబెట్టండి.

---

గూటిపక్షి (#14)

ఆ నకలు ఎలా నిలబెట్టాలో కూడా చెప్పండి. వెబ్ పేజీల నకళ్ళు దాచే ఇంటర్నెట్ ఆర్కైవ్ వాళ్ళ వేబ్యాక్ మెషీన్‌లో సేవ్ చేస్తే చాలా?

---

పాతదస్త్రం (#15)

లాగిన్ లేకుండా కనబడే పేజీలకి చాలు. అది బయటివాడి కళ్ళతో చూస్తుంది, లాగిన్ గోడ ఉంటే ఆ గోడనే భద్రపరుస్తుంది. కిందకి జరిపేకొద్దీ వచ్చే పేజీల్లో మొదటి కొన్ని పోస్టులే పడతాయి, కాబట్టి పేజీని కాక ఒక్కో పోస్టు విడి చిరునామాని ఇవ్వాలి. సేవ్ అయ్యాక ఆ నకలు తెరిచి, "ఇంకా జవాబులు చూపించు" అన్నచోట మడతపడి ఉన్నవి వచ్చాయో లేదో చూడండి. చాలాసార్లు రావు. రెడిట్‌లో అయితే పాత రూపం, అంటే ఓల్డ్ రెడిట్ చిరునామా ఇస్తే మడతలు తక్కువ వచ్చేవి గాని, 2025లో రెడిట్ వేబ్యాక్ మెషీన్‌ని చాలావరకు అడ్డుకుంది.

లాగిన్ లోపలివాటికి ఆర్కైవ్‌వెబ్ డాట్ పేజ్ అనే బ్రౌజరు ఎక్స్‌టెన్షన్ ఉంది. రికార్డింగ్ నొక్కి, మామూలుగా చర్చ తెరిచి, మడతలన్నీ మీ చేత్తో విప్పుతూ చివరిదాకా వెళితే, చూసిందంతా ఒక ఫైలుగా వస్తుంది. ఇంటర్నెట్ లేకపోయినా అది అలాగే తెరుచుకుంటుంది. ఆ ఫైల్లో మీ లాగిన్ కుకీలు, అంటే మీరు లాగినై ఉన్నారని సైటుకి చెప్పే గుర్తులు, కూడా ఉండొచ్చు. అందుకని ఎవరికీ యథాతథంగా పంపొద్దు. పంపాల్సి వస్తే, ముందు ఆ వేదికలో అన్ని పరికరాల నుంచి లాగౌట్ చేసి, పాస్‌వర్డ్ మార్చి, పాత లాగిన్ చెల్లకుండా పోయిందని రూఢి చేసుకున్నాక పంపండి. ఒకే ఒక్క చర్చ అయితే సింగిల్‌ఫైల్ ఎక్స్‌టెన్షన్ చాలు, బొమ్మలతో సహా ఒక హెచ్‌టీఎంఎల్‌గా దాస్తుంది. ఫైలు పేరులో తేదీ, అసలు చిరునామా రాయడం మర్చిపోకండి. రెండేళ్ళ తర్వాత అది ఎక్కడిదో చెప్పేది ఆ పేరే.